కరాటే నేర్చే పిల్లలు – కుమితేకి దిగే ముందు

(రేడియో మహిళా కార్యక్రమంలో చేసిన ప్రసంగం)



సాయంకాలం ఆరయ్యేసరికి మన వీధుల్లో తెల్ల డ్రస్సులు వేసుకుని, నడుముకి బెల్టు బిగించుకుని, మంచినీళ్ళ సీసా భుజాన తగిలించుకుని పోయే పిల్లలు కనబడుతూనే ఉంటారు. కొందరు స్కూలు గ్రౌండుకి, కొందరు కమ్యూనిటీ హాలుకి, కొందరు అపార్టుమెంటు మేడమీదికి. ఒకప్పుడు ఇది మగపిల్లల వ్యవహారం అనుకునేవాళ్ళం. ఇప్పుడు ఆడపిల్లలూ వెళ్తున్నారు. మన నిజామాబాదు అమ్మాయి నిఖత్ జరీన్ 2022లోనూ, 2023లోనూ బాక్సింగులో ప్రపంచ ఛాంపియన్ అయ్యాక "ఆడపిల్లకి ఇవన్నీ ఎందుకమ్మా" అనే నోళ్ళు కొంచెం మూతబడ్డాయి. సంతోషమే.

పిల్లని చేర్పించిన మొదటి నెలల్లో తల్లికి చింత ఉండదు. వరుసల్లో నిలబడి గాలిలోకి గుద్దడం, కాలెత్తి తన్నడం, గట్టిగా అరవడం, ఇంతే కదా! ఆ తరువాత ఒకరోజు పిల్ల పరుగెత్తుకొచ్చి, "అమ్మా! వచ్చేవారం నుంచి మాకు ఫైటింగు. గ్లవ్సు కొనాలిట" అంటుంది. అప్పుడు మన గుండె గుభేలుమంటుంది. ఎదుటివాడు కొడితేనో అని ఒక భయం. మనదే ఎదుటిపిల్లని కొడితేనో అని మరో భయం. కొందరు తల్లులు అక్కడితో మాన్పించేస్తారు. కొందరు "మాస్టరుగారున్నారుగా, ఆయనే చూసుకుంటారు" అని ఊరుకుంటారు. ఈ రెండూ సరికావు. సరిగ్గా ఈ ఘట్టంలోనే తల్లి కొంచెం తెలుసుకుని, కొంచెం అడిగి, కొంచెం కనిపెట్టి ఉండాలి. మా పిల్లలు నేర్చుకున్నన్నాళ్ళూ గోడవార కూర్చుని చూసిందీ, మాస్టర్లనీ డాక్టర్లనీ అడిగి తెలుసుకున్నదీ మీతో చెబుదామని ఈవేళ ఈ విషయం ఎత్తుకున్నాను.

కుమితే అంటే కొట్లాట కాదు

కరాటే చదువులో మూడు భాగాలున్నాయి. మొదటిది కిహోన్. అంటే గుద్దు, తన్ను, అడ్డు వీటిని విడివిడిగా వల్లెవేయడం. రెండోది కటా. వాటినే ఒక వరుసలో కూర్చి ఒంటరిగా చేయడం. మూడోది కుమితే. జపాను భాషలో 'కుమి' అంటే జతకూడడం, 'తే' అంటే చెయ్యి. ఇద్దరు ఎదురెదురుగా నిలబడి, ఒకరు దెబ్బ వేస్తే ఒకరు కాసుకుంటూ చేసే సాధన అన్నమాట. ఇంగ్లీషులో దీన్నే స్పారింగ్ అంటారు. పిల్లల భాషలో ఫైటింగు. ఈ చివరి పేరే మనని భయపెడుతుంది, వాళ్ళని రెచ్చగొడుతుంది.

కొట్లాటలో ఎదుటివాణ్ణి పడగొడితే పని అయిపోయింది. కుమితేలో అలా కాదు. ఎదుటిపిల్ల మన పిల్లకి పాఠ్యపుస్తకం లాంటిది. పుస్తకం చింపేసుకుంటే రేపు చదువెక్కడిది? జతగా నిలబడ్డ పిల్ల క్షేమం తన చేతిలో ఉందని ఇద్దరికీ తెలియాలి. తెలిసినప్పుడే అది సాధన. తెలియకపోతే గ్లవ్సు తొడుక్కున్న వీధి తగాదా.

ఇది నేను కల్పించి చెప్పే నీతి కాదు. ఆ విద్యలు ఎలా పుట్టాయో చూడండి. 1882లో టోక్యోలో జిగోరో కానో అనే ఆయన జూడో మొదలుపెట్టారు. అప్పటికి ఆయనకింకా ఇరవైరెండేళ్ళు నిండలేదు. అంతకుముందున్న జుజుత్సు విద్యలో కీళ్ళు విరిచే పట్లు, ఆయువుపట్టున కొట్టే దెబ్బలు ఉండేవి. వాటిని పూర్తి బలంతో సాధన చేస్తే జత మనిషి మర్నాడు లేవడు. కానోగారు అటువంటి ప్రమాదకరమైన వాటిని కటాలో మాత్రమే ఉంచి, స్వేచ్ఛగా చేసే సాధనలోంచి తీసేశారు. మిగిలిన పట్లు, పడవేతలు ఇద్దరూ బలంకొద్దీ, మళ్ళీమళ్ళీ, రోజూ చేసుకోవచ్చు. దాని పేరు రాండోరి. ప్రమాదం తీసేయడంవల్ల సాధన పలచబడలేదు, చిక్కబడింది. ఈ సంగతి గుర్తుంచుకుంటే, జాగ్రత్తలు అడిగే తల్లిని "మీరు పిల్లని పిరికిదాన్ని చేస్తున్నారు" అనే మాట ఎంత వట్టిదో తెలుస్తుంది.

కరాటే సంగతీ అంతే. ఒకినావా దీవి నుంచి గిచిన్ ఫునకోషి గారు 1922లో టోక్యో వచ్చి ఈ విద్యని ప్రదర్శించారు. ఆయన ప్రాణం కటామీదే. కాలేజీ కుర్రాళ్ళు నిబంధనలు లేకుండా ఒకరితో ఒకరు తలపడడం ఆయనకి నచ్చేది కాదు. మెల్లిగా నిబంధనలు ఏర్పడి, పోటీలు వచ్చాయి. 2021లో జరిగిన టోక్యో ఒలింపిక్సులో కరాటే చేరింది. అక్కడ మగవాళ్ళ ఎక్కువ బరువు విభాగం ఫైనల్లో సౌదీ అరేబియా కుర్రాడు తారెగ్ హమేదీ ముందంజలో ఉన్నాడు. అతని తన్ను తగిలి ఇరాన్ దేశస్థుడు సజ్జాద్ గంజ్‌జాదే స్పృహతప్పి పడిపోయాడు. పడగొట్టినవాడు గెలిచాడనుకుంటాం కదూ! కాదు. అదుపులేని దెబ్బ వేసినందుకు హమేదీని అనర్హుణ్ణి చేశారు. బంగారు పతకం కింద పడ్డవాడికి వెళ్ళింది. ఒలింపిక్సులోనే అంత పట్టింపు ఉంటే, మన వీధి చివరి క్లాసులో తొమ్మిదేళ్ళ పిల్లల మధ్య ఎంత ఉండాలి?

సరళీ స్వరాల నుంచి కీర్తన దాకా

సంగీతం చెప్పే పంతులమ్మగారు మొదటిరోజే కీర్తన ఎత్తుకోమంటారా? సరళీ స్వరాలు, జంట స్వరాలు, అలంకారాలు, గీతాలు, వర్ణం, ఆ తరువాత కదా కీర్తన! కుమితేకి కూడా సరిగ్గా అలాంటి వరుసే ఉంది. షోటోకాన్ అనే పద్ధతిలో నేర్పే వరుస చెబుతాను. పేర్లు క్లాసుని బట్టి మారవచ్చు గాని, మెట్లుండడం ముఖ్యం.

మొదటి మెట్టు గోహోన్ కుమితే. 'గో' అంటే అయిదు. దాడి చేసే పిల్ల ముందే "ముఖం" అనో "పొట్ట" అనో జపాను మాటలో గట్టిగా ప్రకటించి, అయిదడుగులు ముందుకు వేస్తూ అయిదుసార్లు అదే గుద్దు వేస్తుంది. రెండో పిల్ల అయిదడుగులు వెనక్కి వేస్తూ అయిదుసార్లు కాసుకుని, ఆఖరున ఒక్క ఎదురు గుద్దు వేస్తుంది. ఏది వస్తుందో తెలుసు, ఎక్కడికి వస్తుందో తెలుసు, ఎన్నిసార్లు వస్తుందో తెలుసు. భయానికి చోటులేదు. కాని మనిషి మీదికి వస్తుంటే కళ్ళు మూసుకోకుండా చూడడం మొదటిసారి ఇక్కడే అలవాటవుతుంది. కొత్తపిల్లలందరూ కళ్ళు మూసేసుకుంటారు. అది పిరికితనం కాదు, ఒంటికి పుట్టుకతో వచ్చిన గుణం. తెరిచి ఉంచడం నేర్చుకోవాలి. దానికి వారాలు పడుతుంది.

రెండోది మూడడుగుల సాధన, సాన్‌బోన్. మూడోది ఒక్క దెబ్బ సాధన, ఇప్పోన్. ఇక్కడా ముందే ప్రకటిస్తారు. కాని ఒకేసారి కాబట్టి సరైన క్షణం పట్టుకోవాలి. నాలుగో మెట్టులో ఏ దెబ్బో చెబుతారు గాని ఎప్పుడు వేస్తారో చెప్పరు. ఇద్దరూ కదులుతూ ఉంటారు. ఇవన్నీ అయ్యాక అయిదోది జియు కుమితే, అంటే స్వేచ్ఛగా చేసేది. మన పిల్లలు ఫైటింగు అనేది దీన్ని. చూశారా, చిట్టచివర వచ్చేదాన్ని మొదటి వారమే పెట్టేస్తే ఎంత అన్యాయమో!

మంచి మాస్టర్లు ఈ మెట్ల మధ్య ఆటలు కూడా పెడతారు. ఇద్దరు ఎదురెదురుగా నిలబడి ఒకరి భుజాన్ని ఒకరు అరచేత్తో తాకాలి, తాకించుకోకూడదు. లేదా వంగి మోకాలు తాకాలి. మన చెడుగుడు లాంటిదే. ఇందులో దెబ్బ లేదు, కాని దూరం అంచనా వేయడం, పక్కకి తప్పుకోవడం, ఎదుటిమనిషి భుజం కదలిక కనిపెట్టడం అన్నీ ఉన్నాయి. పిల్లలు నవ్వుతూ నేర్చుకుంటారు. నవ్వుతూ నేర్చుకున్న ఒళ్ళు బిగుసుకోదు, బిగుసుకోని ఒంటికి దెబ్బ తక్కువ.

ఇక, తగిలే ముందు ఆపడం. దెబ్బని అంగుళం దూరంలో ఆపగలగడం కరాటేలో గొప్ప విద్య. మీ పిల్లకి అది వచ్చిందో లేదో ఇంట్లోనే చూడవచ్చు. బట్టలారేసే తీగకి ఒక పాత రుమాలు వేలాడదీసి, దాన్ని తాకకుండా ముందే గుద్దు ఆపమనండి. మొదట మెల్లిగా, తరువాత వేగంగా. పదిసార్లలో పదిసార్లూ ఆపగలిగితే సరే. ఆరుసార్లే ఆపిందా, మనిషికి ఎదురు నిలబడడానికి ఇంకా వేళ కాలేదన్నమాట. తొందరేముంది?

జూడో నేర్చే పిల్లలకి మొదటి పాఠం వేరు. పడవేయడం కంటే ముందు పడడం నేర్చుకోవాలి. గడ్డం ఛాతీకి ఆనించి, చూపు తన బెల్టుమీద ఉంచి, చేత్తో నేలని చరుస్తూ పడితే తల నేలకి తగలదు. దీన్ని ఉకెమి అంటారు. ఇదొక్కటీ సరిగా రాకపోతే ఏమవుతుందో జూడో పుట్టిన దేశమే చూసింది. 1983 నుంచి సుమారు మూడు దశాబ్దాల కాలంలో జపాను బడుల్లో జూడో సాధన చేస్తూ వందమందికి పైగా పిల్లలు చనిపోయారు. ఎక్కువగా తలకి తగిలిన దెబ్బలవల్లే. వాళ్ళల్లో చాలామంది మొదటి ఏడాది విద్యార్థులు, అంటే కొత్తవాళ్ళు. ఈ లెక్కలు బయటికి తీసి పరిశోధకులు, తల్లిదండ్రులు గట్టిగా అడిగిన తరువాతే అక్కడ కొత్తవాళ్ళ విషయంలో జాగ్రత్తలు పెరిగాయి. అడగడంవల్లే మార్పు వచ్చిందన్నది మనం గమనించాలి.

జత ఎవరు?

ఇద్దరు కొత్తవాళ్ళని జత కడితే సమానంగా ఉంటుంది కదా అనిపిస్తుంది. నిజానికి అదే ప్రమాదం. ఇద్దరికీ భయమే. ఇద్దరూ కళ్ళు మూసుకుని చేతులు విసురుతారు. ఎవరిది ఎక్కడ తగులుతుందో ఎవరికీ తెలియదు. మొదటిసారి ఎదురు నిలబడే పిల్లకి అనుభవమున్న, నెమ్మది స్వభావం గల పెద్ద విద్యార్థిని జతగా ఇవ్వాలి. ఆ అక్క తను కొట్టకుండా, ఈమె దెబ్బల్ని కాసుకుంటూ, "చెయ్యి దించకు, నన్ను చూడు" అని చెబుతూ నడిపిస్తుంది. అది ఒక రకంగా బిడ్డ చెయ్యి పట్టుకుని నడక నేర్పడమే.

పిల్లల మధ్య జత కట్టేటప్పుడు ఎత్తు, బరువు, వయసు, నేర్చిన కాలం, నాలుగూ చూడాలి. బెల్టు రంగు ఒక్కటే చూస్తే చాలదు. పన్నెండేళ్ళ వయసులో ఇద్దరు పిల్లల మధ్య పదిహేను కిలోల తేడా ఉండవచ్చు. బరువెక్కువ ఉన్న పిల్ల తేలికగా వేశాననుకున్నదే చిన్నపిల్లకి పెద్ద దెబ్బ.

మాకు తెలిసినవాళ్ళ అమ్మాయి ఉంది. క్లాసు పేరు చెప్పను. చేరిన రెండోవారమే, "భయం పోవాలంటే దెబ్బ తినాలి" అని తనకంటే జానెడు పొడుగున్న అబ్బాయికి ఎదురు నిలబెట్టారు. ముక్కునుంచి రక్తం కారింది. ముక్కు నాలుగు రోజుల్లో మానిపోయింది. కాని ఆ పిల్ల మళ్ళీ ఆ తెల్ల డ్రస్సు వేసుకోలేదు. కటా చేస్తే చూడముచ్చటగా ఉండేదిట. దెబ్బలవల్ల భయం పోదండీ. తట్టుకోగలిగినంత కష్టాన్ని కొంచెం కొంచెంగా దాటుకుంటూ పోతే పోతుంది. కూర అడుగంటకూడదంటే సన్నసెగన పెడతామే, అలాగ.

వేగం విషయంలోనూ అంతే. తన పూర్తి వేగం పది అనుకుంటే, మొదటి వారాల్లో మూడు దాటకూడదు. ఒక్కో విడత ఒకటి రెండు నిమిషాలు చాలు. అలసిన పిల్ల చేతిలో అదుపు ఉండదు. సాధారణంగా వేగం ఎలా పెరుగుతుందో తెలుసా? ఒకరిది కొంచెం గట్టిగా తగులుతుంది. రెండోవాళ్ళు అంతకంటే గట్టిగా జవాబిస్తారు. నిమిషంలో పది దాటిపోతుంది. అప్పుడు మాస్టరు "యమే" అని కేక వేయాలి. యమే అంటే ఆగు. ఆ మాట వినగానే ఎక్కడి చెయ్యి అక్కడ ఆగడం పిల్లలకి అలవాటుగా మారాలి. "యమే" అనే హక్కు మాస్టరుకే కాదు, పిల్లలకీ ఉండాలి. చెయ్యెత్తి వెనక్కి అడుగు వేస్తే ఎదుటివాళ్ళు ఆగాలి. జూడోలో అయితే అరచేత్తో రెండుసార్లు తడితే పట్టు వదిలెయ్యాలి. దానికి ఎగతాళి చేసే క్లాసు మంచి క్లాసు కాదు.

ఒంటిమీద ఏముండాలి, ఏముండకూడదు

ముందు ఉండకూడనివి. గాజులు, గొలుసు, చెవి రింగులు, ముక్కుపుడక, చేతి వాచీ, గుళ్ళో కట్టిన తోరం, ఇవన్నీ తీసి ఒక డబ్బాలో పెట్టించండి. చెవి రింగు గ్లవ్సుకి తగులుకుంటే తమ్మె చీలుతుంది. గోళ్ళు ప్రతివారం కత్తిరించాలి, కాలిగోళ్ళు కూడా. జడని పిన్నులు, క్లిప్పులు లేకుండా గుడ్డ రబ్బరుబ్యాండుతో బిగించండి. కళ్ళజోడు పెట్టుకుని కుమితే చేయనివ్వకండి.

ఉండవలసినవాటిలో మొదటిది పళ్ళ కవచం, మౌత్‌గార్డ్. వేడినీళ్ళలో మెత్తబరిచి, కాస్త చల్లారనిచ్చి, పిల్లచేత కరిపించి పంటి వరుసకి అచ్చు తీసే రకం మందుల షాపుల్లోనూ, ఆటవస్తువుల దుకాణాల్లోనూ దొరుకుతుంది. పెట్టె మీద రాసిన ప్రకారం చేయండి. పళ్ళకి క్లిప్పులున్న పిల్లలకి మాత్రం పంటి డాక్టరుని అడిగి తీసుకోవాలి. వాడినప్పుడల్లా కడిగి, గాలి తగిలే డబ్బాలో ఉంచాలి. అన్నదమ్ములయినా సరే ఒకరిది ఒకరు పెట్టుకోకూడదు. తరువాత గ్లవ్సు, మోకాలి కిందికి ప్యాడ్సు, మగపిల్లలకి లోపల వేసుకునే గార్డు, ఎదిగిన ఆడపిల్లలకి ఛాతీ గార్డు. పెరుగుతారు కదా అని రెండు సైజులు పెద్దవి కొనకండి. వదులు గ్లవ్సు చేతిలో తిరిగిపోయి మణికట్టు మెలిపడుతుంది.

హెడ్‌గేర్ గురించి ఒక్కమాట. అది చర్మం చిట్లకుండా కాపాడుతుంది. కాని పుర్రె లోపల మెదడు అదరకుండా ఆపలేదు. అమెరికాలోని పిల్లల వైద్యుల సంఘం 2016లో ఈ సంగతే చెబుతూ, పిల్లల సాధనలో తలకి దెబ్బలు ఉండకూడదనీ, ముందు ఒంటికి తాకని పద్ధతిలోనే నేర్పాలనీ సలహా ఇచ్చింది. హెడ్‌గేర్ పెట్టాం కదా అని పిల్లలు గట్టిగా కొట్టడం మొదలుపెడితే, పెట్టకపోయినా బాగుండేదన్నట్టవుతుంది.

నేల సంగతి మనవాళ్ళు అసలు పట్టించుకోరు. మేడమీద సిమెంటు గచ్చు, స్కూలు వరండాలో షాబాదు బండలు, హాల్లో గ్రానైటు. కటా చేయడానికి ఇవి ఫరవాలేదు. ఎదురెదురుగా కదిలే సాధనకి మాత్రం పనికిరావు. గుద్దుకంటే, కాలుజారి వెనక్కి పడి తల బండకి తగలడమే ఎక్కువ ప్రమాదం. ఒకదానికొకటి తగులుకునే మందపాటి ఫోము చాపలు పరిచి, వాటి మధ్య సందులు లేకుండా ఉండాలి. గోడలకి, స్తంభాలకి, పిట్టగోడకి దూరంగా ఉండాలి. పిల్లలకి కడుపునిండా తినిపించి పంపకండి. గంట ముందు ఒక అరటిపండు చాలు.

దెబ్బ తగిలితే

కమిలిన చోట, బెణికిన చోట గుడ్డలో చుట్టిన ఐసు పది పదిహేను నిమిషాలు పెట్టండి. వెంటనే వేడి కాపడం పెట్టడం, గట్టిగా మర్దనా చేయడం వద్దు. ముక్కునుంచి రక్తం వస్తే తల వెనక్కి వాల్చకూడదు. కొంచెం ముందుకి వంచి, ముక్కు మెత్తటి భాగాన్ని పది నిమిషాలు వదలకుండా పట్టుకోవాలి.

శాశ్వత దంతం ఊడిపోతే, పైభాగం పట్టుకుని తీయండి. వేరు భాగం ముట్టుకోకండి, రుద్దకండి. మట్టి ఉంటే ఒక్కసారి పాలతోనో మంచినీళ్ళతోనో కడిగి, వీలైతే అదే గూట్లో పెట్టి గుడ్డ కరిపించండి. కాకపోతే చల్లని పాలల్లో వేసి, అరగంటలో పంటి డాక్టరు దగ్గరుండేలా చూడండి. ఊడిన పన్ను మళ్ళీ నిలిచే అవకాశం ఉంది. పాలపన్నయితే తిరిగి పెట్టకూడదు.

అన్నిటికంటే ముఖ్యం తల. తలకి దెబ్బ తగిలినా, ఒళ్ళు గట్టిగా కుదిలినా మెదడు అదరవచ్చు. దీనికి స్పృహ తప్పనక్కరలేదు. బొప్పి కట్టనక్కరలేదు. తలనొప్పి, తల తిరగడం, వికారం, చూపు మసకబారడం, అడిగినదే అడగడం, జరిగింది గుర్తులేకపోవడం, అకారణంగా ఏడుపు లేదా చిరాకు, వీటిలో ఒక్కటి కనబడినా ఆరోజుకి సాధన ఆపెయ్యాలి. "ఇంకొక్క రౌండు" అనే మాట ఉండకూడదు. మొదటి దెబ్బ మానకముందు రెండోది తగిలితే ప్రాణాంతకం కావచ్చు. డాక్టరుకి చూపించాలి. మొదటి ఒకటి రెండు రోజులు తేలిక విశ్రాంతి చాలు, చీకటిగదిలో పడుకోబెట్టనక్కరలేదు. ముందు బడి, తరువాత నడక, పరుగు, ఒంటరి సాధన, అన్నీ తలనొప్పి తిరగబెట్టకుండా చేయగలిగాక, డాక్టరు సరేనన్నాక చివరికి కుమితే. పిల్లలకి దీనికి మూడు నాలుగు వారాలు పట్టడం మామూలే.

పదేపదే వాంతులు, అంతకంతకీ పెరిగే తలనొప్పి, లేపితే లేవని మగత, ఫిట్సు, మాట తడబడడం, ఒక కంటిపాప పెద్దదవడం, చెయ్యో కాలో పట్టుతప్పడం, ముక్కులోంచో చెవిలోంచో నీరులాంటిది కారడం కనబడితే మాత్రం ఒక్క నిమిషం ఆగకండి. 108కి ఫోను చేయండి.

మాస్టరుగారిని ఏమడగాలి?

మొహమాటపడకండి. ఫీజు కట్టేది మనం, పిల్ల మనది. మర్యాదగా, క్లాసయ్యాక, పక్కకి పిలిచి అడగండి. "అయ్యా, కుమితే ఎన్నాళ్ళకి మొదలుపెడతారు? ఏయే మెట్లలో? మొదటిసారి జతగా ఎవరిని పెడతారు? తలకి దెబ్బలు అనుమతిస్తారా? ఒకేసారి ఎన్ని జతలు చేస్తాయి, చూసేవాళ్ళెంతమంది? దెబ్బ తగిలితే మీ దగ్గర ఏముంది, ఎవరికి కబురు చేస్తారు?" ఈ అరడజను ప్రశ్నలు చాలు. మంచి మాస్టరు ఇవి విని సంతోషిస్తారు. అడిగినందుకే విసుక్కునే మనిషి దగ్గర పిల్లని ఉంచే ముందు బాగా ఆలోచించండి. పిల్లకి పూర్వం ఫిట్సు, ఆయాసం, గుండె జబ్బు, తలకి దెబ్బ, ఏది ఉన్నా మనమూ దాచకుండా ఆయనకి చెప్పాలి.

తల్లిదండ్రులు కూర్చుని చూడడానికి వీల్లేదనే క్లాసు వద్దు. తలుపులు మూసి నేర్పవలసిన విద్య కాదిది. ఆడపిల్లల ఒంటిమీద చెయ్యివేసి సరిచేసే పద్ధతి గురించి కూడా పిల్లతో ముందే మాట్లాడండి. ఏది పాఠమో, ఏది కాదో, అనుమానం వస్తే మనకి చెప్పాలని ధైర్యమివ్వండి. అబ్బాయితో జత కట్టడం తనకి ఇష్టంలేకపోతే వద్దని చెప్పవచ్చు. మూడు రోజుల్లో కూడా ఒంట్లో బాగుంటే సాధన చేయవచ్చు, బాగులేకపోతే మానవచ్చు. ఆ నిర్ణయం పిల్లదే.

మనలో కొందరు "పిల్లలతోపాటు మేమూ నేర్చుకోకూడదా" అని అడుగుతున్నారు. భేషుగ్గా నేర్చుకోవచ్చు. నలభై దాటాక చేరేవాళ్ళు రక్తపోటు, గుండె, మోకాళ్ళ సంగతి డాక్టరుకి చూపించుకుని మొదలుపెట్టండి. గర్భిణులు కుమితే చేయకూడదు. నల్లపూసలు, మెట్టెలు తీయడానికి మనసొప్పనివాళ్ళు కటాతో ఆగవచ్చు. ఎదురు నిలబడే సాధనకి మాత్రం తీయవలసిందే. మెట్టె మన వేలికే కాదు, ఎదుటి మనిషి కాలికీ గాయం చేస్తుంది. గోహోన్, ఇప్పోన్ దాకా చేసి అక్కడితో తృప్తిపడినా తప్పులేదు. మీదికి వచ్చే చేతిని కళ్ళు తెరిచి చూడగలగడం ఏ వయసులో నేర్చుకున్నా మేలే.

చివరగా ఇంకొక్క సంగతి. కుమితే మొదలైన రోజు పిల్ల ఇంటికి రాగానే మనందరి నోటా వచ్చే ప్రశ్న "గెలిచావా?" అనే. దాన్ని కొంచెం మార్చండి. "నీ జత ఎవరు? ఆ పిల్లకేమీ తగల్లేదు కదా? నీకేమైనా తగిలిందా?" అని అడగండి. రోజూ అడగండి. పది రోజులకి పిల్లే, మీరడగకముందే, "అమ్మా, ఇవాళ నా గుద్దు అంగుళం దూరంలో ఆపాను" అని చెబుతుంది. ఆ మాట వినబడిందంటే మీ పిల్ల చేతికి బలంతోపాటు అదుపు కూడా వచ్చిందన్నమాట. ఇక నిశ్చింతగా గ్లవ్సు కొనిపెట్టండి.